పోపుల డబ్బా ఎవరికి డాక్టరు?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వారానికి రెండుసార్లైనా ఆ వీడియో తిరుగుతుంది. "మీ వంటిల్లే మీ మెడికల్ షాపు" అని దాని పేరు. కాలితే పసుపు, పన్నునొప్పికి లవంగం, కడుపుబ్బరానికి వాము, దగ్గుకి మిరియాలు, చెవిపోటుకి ఎల్లిపాయ కాచిన నూనె. పంపేది ఎక్కువగా మగవాళ్లే. వాళ్లింట్లో వాము ఏ డబ్బాలో ఉంటుందో వాళ్లకి తెలియదు, ఆ సంగతి పక్కన పెడదాం.

వంటింటి వైద్యం మీద నాకు కోపం లేదు. మంచాలలో ఇరవై ఏళ్ల పైన కాపురం చేస్తున్నదాన్ని, వాము వాసన చూడకుండా నాకు పొద్దు గడవదు. లవంగంలో యూజినాల్ అనే నూనె ఉంటుంది, అది నిజంగానే పన్ను దగ్గర తిమ్మిరెక్కిస్తుంది. పళ్ల డాక్టర్లు వాడే ఒక రకం సిమెంటులోనూ అదే కలుపుతారు. ఏడాది దాటిన పిల్లలకి దగ్గొస్తే చెంచాడు తేనె మంచిదే. ఇంతవరకు నేనూ ఒప్పుకుంటాను. నేను అడిగేదల్లా ఒకటే, ఈ వైద్యం మన ఇళ్లలో ఎవరికి జరుగుతోంది?

గమనించండి. ఆయనకి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే బండి తీసి ఇబ్రహీంపట్నం పోతారు, రక్తపరీక్ష చేయించుకుని వస్తారు. పిల్లగాడు దగ్గితే సాయంత్రానికి సిరప్పు వస్తుంది. అదే ఇంటామెకి వస్తే, "మిరియాల కషాయం పెట్టుకొని తాగు, తగ్గుతది" అంటారు. 'పెట్టుకొని' అన్న మాట చూడండి. జ్వరంతో ఉన్న మనిషే మిరియాలు దంచుకోవాలి, కాచుకోవాలి, ఆ గిన్నె కూడా తనే తోముకోవాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠితో కషాయం తాగమని సలహా ఇచ్చింది. దేశమంతా తాగింది. ఎవరు కాచారో వేరే చెప్పాలా?

మా వాడకట్టులో ఒక పెద్దమ్మకి రాత్రి పదింటికి ఛాతీలో బరువు, దవడ లాగుడు, ఒళ్లంతా చెమట. గ్యాస్ అన్నారు. వాము నీళ్లు ఇచ్చారు. పన్నెండింటికి మళ్లీ ఇచ్చారు. ఆమె కూడా "ఎవరినీ లేపకండి, పొద్దుగాల చూద్దాం" అంది. తెల్లారాక పట్నం తీసుకుపోతే గుండెపోటు అని తేలింది. బతికింది, కానీ ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండెపోటులో ఛాతీ నొప్పి ఆడవాళ్లకీ వస్తుంది. అయితే వాంతి వచ్చినట్టుండటం, ఊపిరాడకపోవడం, వెన్నూ దవడా నొప్పి, చెప్పలేని నీరసం లాంటివి మగవాళ్లలో కంటే మనలో ఎక్కువగా కనబడతాయి. సరిగ్గా వీటన్నిటికీ మన ఇళ్లలో ఒకటే పేరు, గ్యాస్. ఆ పెద్దమ్మ స్థానంలో పెదనాన్న ఉంటే ఆ రాత్రి వాము డబ్బా మూత తీసేవాళ్లా?

ఇక కాలిన గాయాలు. గంజి వార్చేటప్పుడు, కుక్కర్ మూత తీసేటప్పుడు, నూనె చిందినప్పుడు కాలేది మన చేతులే. వెంటనే పసుపో, కాఫీ పొడో, టూత్‌పేస్టో పూస్తారు. కావాల్సింది కుళాయి నీళ్లు, ధారగా ఇరవై నిమిషాలు. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులూ ఉంగరమూ తీసేయాలి. పసుపు పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకి కనబడదు, అదంతా కడిగి తీసేదాకా ప్రాణం పోతుంది మనకి. పైగా రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే వ్యాపారులున్నారు. కొన్న పొడిలో ఏముందో తెలియకుండా పచ్చిపుండు మీద చల్లుతామా?

ఇక్కడికి రాగానే ఎవరో ఒకరు పేటెంటు కథ ఎత్తుతారు. 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పసుపుతో గాయం మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్, మషేల్కర్ గారు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలో, పాత గ్రంథాలూ పత్రాలూ ముందుపెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది. గర్వపడాల్సిందే. కానీ ఆ కేసులో తేలింది ఇది మనకి ఎప్పటినుంచో తెలిసిన వాడకం, కొత్తగా కనిపెట్టింది కాదని. ఏ గాయానికైనా పసుపు చాలని ఎవరూ తీర్పు చెప్పలేదు. కొడవలి తెగితే పసుపు అద్దినా అద్దకపోయినా టెటనస్ సూది సంగతి చూసుకోవాల్సిందే.

బాలింత గదిలో అయితే మాట్లాడే హక్కే ఉండదు. బొడ్డుకి పసుపు పెట్టమంటారు, వస అరగదీసి తేనెలో నాకించమంటారు. బొడ్డు పొడిగా, శుభ్రంగా ఉంటే చాలు. ఏడాది నిండని బిడ్డకి తేనె అసలు పెట్టకూడదు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించగలదు. కొత్త కోడలు ఈ మాట అంటే, "మేం పెంచలేదా పిల్లల్ని?" అని జవాబు.

పొలాల ఊరు మాది, పాము మాట ఎత్తకుండా ఎట్లా? కలుపు తీసే ఆడమనిషిని పాము కరిస్తే మిరపకాయ నమిలించి, కారం తెలుస్తుందా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. తెలిస్తే విషం ఎక్కలేదట! కట్లపాము కాటుకి పెద్దగా నొప్పీ వాపూ కూడా ఉండవు, నోటికి కారం తెలుస్తూనే ఉంటుంది, గంటల్లో రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆగిపోతుంది. విషానికి విరుగుడు సూది ఒక్కటే మందు. 2005 నుంచి 108 ఉంది. మిరపకాయ వెతికే టైములో ఫోన్ చేయొచ్చు.

ఖర్చు అంటారు. సర్కారు దవాఖానాలో చీటీకి ఎంతవుతుంది? 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్టు కూడా లేదు. ఆధార్ కార్డు పట్టుకుని ఎక్కితే ఇబ్రహీంపట్నం పోయి రావచ్చు. అసలు ఇబ్బంది డబ్బు కాదని మీకూ తెలుసు. ఆమె పూటంతా దవాఖానా లైన్లో ఉంటే ఇంట్లో వంటెవరు చేస్తారన్నదే ఇబ్బంది. ఈసారి ఎవరైనా ఆ మాట అడిగితే, వాళ్లు మనకి చెప్పినంత తేలిగ్గానే చెప్పి బస్సెక్కండి: "బియ్యం డబ్బాలో ఉన్నాయి, పెట్టుకొని తిను, తగ్గుతది."