పాపాయి గదిలోంచి మన గదికి ఒక వైరు

కూతురి పురిటికని న్యూజెర్సీ వెళ్ళిన ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మనవరాలికి మూడో నెల. పాప గది మేడ మీద, వంటిల్లు కింద. తలుపులు వేసుకుని పనిలో పడితే పిల్ల గుక్కపట్టి ఏడ్చినా వినపడదట. అల్లుడుగారు వైర్‌లెస్ బేబీ మానిటరు కొనుక్కొచ్చారు. అమ్మాయేమో "రేడియేషనూ, పిల్ల దగ్గర వద్దు" అని దాన్ని పెట్టెలోంచి తియ్యనివ్వటం లేదు. "ఇద్దరూ వారం రోజులుగా ముక్తసరిగా మాట్లాడుకుంటున్నారు. నేను మేడ మెట్లు ఎక్కలేక దిగలేక చస్తున్నాను. వైరుతో నడిచేది ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగారు.

ఉంది. చవకలోనే అవుతుంది. హైదరాబాదు డూప్లెక్స్ ఇళ్ళలో ఉన్నవాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు ఆ అమ్మాయి భయం సంగతి చూద్దాం. దాన్ని చాదస్తమని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు, నిజమని బెదరగొట్టడమూ ఇష్టం లేదు.

వైర్‌లెస్ మానిటర్లు రేడియో తరంగాలతో పనిచేస్తాయి, మన కార్డ్‌లెస్ ఫోను, వైఫై లాగానే. ఎక్స్‌రే జాతి కిరణాలు కావు ఇవి. వీటివల్ల జరుగుతుందని రుజువైన హాని ఏమిటంటే, మోతాదు బాగా ఎక్కువైతే ఒళ్ళు వేడెక్కడం. మానిటరు నుంచి వచ్చేది ఆ మోతాదుకి ఎంతో దిగువన ఉంటుంది. మరి భయం ఎందుకు పుట్టిందంటే, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే 2బి జాబితాలో పెట్టింది. సాక్ష్యం అరకొరగా ఉన్నప్పుడు పెట్టే జాబితా అది. ఆసియా దేశాల పాతపద్ధతి ఊరగాయలు కూడా అందులోనే ఉన్నాయి. కంగారుపడకండి, వాళ్ళు చూసింది చైనా, కొరియా, జపాను వైపు ఊరబెట్టే కూరల్ని. మన ఆవకాయ జాడీ జోలికి ఎవరూ రాలేదు.

కాబట్టి మానిటరు పెట్టుకున్న తల్లులు పిల్లలకి అపకారం చేస్తున్నట్టు కాదు. వద్దనుకున్న తల్లిని వెక్కిరించనూ అక్కర్లేదు. వైర్‌లెస్సే వాడేవాళ్ళు దాన్ని పిల్ల తలాపున పెట్టకుండా గదిలో అవతలి గోడ దగ్గర పెట్టుకుంటే చాలు. దూరం రెండింతలైతే తరంగాల తీవ్రత సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది.

వైరు వల్ల నాకు కనిపించే అసలు లాభం వేరే ఉంది. ఇంట్లో శబ్దం ఇంట్లోనే ఉంటుంది. పాతకాలపు మానిటర్లలో పక్కింటి మాటలు మనకీ మన మాటలు పక్కింటికీ వినపడేవి. ఈ రోజుల్లో వైఫై కెమెరాలకి పాస్‌వర్డు సరిగ్గా పెట్టుకోకపోతే ఎక్కడో కూర్చున్నవాడు పిల్లగదిలోకి తొంగిచూడగలడు. బాలింత పాలిచ్చే గది అది. రేడియేషన్ మాట ఎలా ఉన్నా, ఈ ఒక్క కారణానికే నేను వైరు వైపు మొగ్గుతాను.

అసలు మొదటి మానిటరు గాలిలోంచి కాదు, వైరులోంచే మాట్లాడింది. 1932లో అమెరికాలో లిండ్‌బర్గ్ అనే పేరుమోసిన విమాన చోదకుడి పసిబిడ్డని ఎత్తుకుపోయి చంపేశారు. ఆ భయం నుంచి పుట్టిందే జెనిత్ కంపెనీ 1937లో చేయించిన "రేడియో నర్సు". దానికి రూపం దిద్దింది ఇసాము నొగుచి అనే పేరున్న శిల్పి. పిల్ల దగ్గర పెట్టెని ప్లగ్గులో పెడితే, ఇంటి కరెంటు వైర్ల గుండానే శబ్దం పెద్దవాళ్ళ గదిలో పెట్టెకి చేరేది. మన అమ్మమ్మలు ఉయ్యాలకి పొడుగు తాడు కట్టి వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చునే ఊపేవారు చూడండి, ఇది దానికి పిన్నికూతురే!

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఏడుపు వినపడితే చాలు, చూడక్కర్లేదు అనుకుంటే మూడు వస్తువులు కావాలి. సీసీటీవీ సామాను అమ్మే షాపులో దొరికే చిన్న మైకు, పన్నెండు వోల్టుల అడాప్టరు, కంప్యూటరుకి పెట్టుకునే మామూలు స్పీకర్లు. వీటిని కలపడానికి కెమెరాలు బిగించేవాళ్ళు వాడే "త్రీ ప్లస్ వన్" కేబులు. ఆ పేరు చెబితే ఏ ఎలక్ట్రీషియన్‌కైనా తెలుస్తుంది. అమెరికాలో ఆ పేరు చెలామణీలో లేదు, కాబట్టి కెమెరా సామాను షాపులో కరెంటూ శబ్దమూ కలిపి పంపే కేబులు కావాలని అడగండి. స్పీకర్లు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి బ్లూటూత్ ఉంటుంది. వైర్‌లెస్ వద్దనుకుని ఇంత చేసి, మళ్ళీ దాన్నే కొనితెచ్చుకుంటే ఏం లాభం? వట్టి వైరు పిన్నుతో నడిచే పాతరకమే అడగండి.

త్రీ ప్లస్ వన్ కేబుల్లో ఒక మందపాటి వైరు, దానితోపాటు మూడు సన్నవి ఉంటాయి. మందపాటి దానికి లోపల జాలీ తొడుగు ఉంటుంది, శబ్దాన్ని దాంట్లో పంపాలి. సన్నవాటిలో రెండింటిని మైకుకి కరెంటు ఇవ్వడానికి వాడాలి. ఇక్కడే ఒక కిటుకు ఉంది. అడాప్టరుని పాప గదిలో పెట్టకండి. పెద్దవాళ్ళ గదిలోనే ప్లగ్గులో పెట్టి, ఆ పన్నెండు వోల్టులని కేబుల్లోంచి మైకుకి పంపించమనండి. అప్పుడు పాప గదిలో ప్లగ్గు లేదు, అడాప్టరు లేదు, గోడమీద ఒక చిన్న మైకు తప్ప ఏమీ ఉండదు. బిగించే కుర్రాడు "ఎందుకమ్మా, ఇక్కడ ప్లగ్గు ఉంది కదా" అంటాడు. వినకండి.

మైకు ఫ్యాను గాలి, ఏసీ గాలి సూటిగా తగలని చోట ఉండాలి. లేకపోతే రాత్రంతా హోరు తప్ప ఏడుపు వినపడదు. కేబుల్ని కరెంటు వైరు పక్కనే జంటగా లాగితే "జుయ్య్" మని మోత వస్తుంది. ఒక జానెడు ఎడంగా తీసుకెళ్ళాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి.

ఇక అసలు సంగతి. ఈ వ్యాసంలో ఇదొక్కటి గుర్తున్నా చాలు. రేడియేషన్ వల్ల పిల్లకి ఏమవుతుందో అన్నది సందేహం. వైరు మెడకి చుట్టుకుంటే ఏమవుతుందో అన్నది సందేహం కాదు. 2011లో అమెరికాలో సుమారు 17 లక్షల వీడియో మానిటర్లని వెనక్కి పిలిపించారు. వాటి వైర్లు మెడకి బిగుసుకుని ఇద్దరు పసివాళ్ళు పోయారు. అవి వైర్‌లెస్ మానిటర్లే, పిల్లల్ని బలిగొన్నది కెమెరాకి కరెంటు ఇచ్చే వైరు. అందుకని ఏ రకం పెట్టినా వైరు, మైకు, కెమెరా అన్నీ తొట్టికి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలని అక్కడ నియమం. పిల్ల నిలబడి చెయ్యి చాపినా అందకూడదు. మైకుని గోడకి ఆరేడు అడుగుల ఎత్తున బిగించి, వైరుని ప్లాస్టిక్ కేసింగు పట్టీలో పెట్టి మూత నొక్కెయ్యాలి. వేలాడే వైరు ఒక్క జానెడు కూడా మిగలకూడదు. అద్దె ఇల్లయితే గోడకి అంటుకునే జిగురు పట్టీలు దొరుకుతాయి, వాటిని గోడ అడుగు అంచు వెంబడి కాకుండా పైన, సీలింగు కింద వెయ్యండి. తివాచీ కిందనుంచి వైరు లాగడం వద్దే వద్దు.

మూడు నెలల పాప కదలదు కదా అనుకోవద్దు. నాలుగైదు నెలలకి బోర్లాపడుతుంది, ఎనిమిది తొమ్మిది నెలలకి కమ్మీ పట్టుకుని లేస్తుంది. తొట్టి జరిపినప్పుడల్లా దూరం మళ్ళీ కొలవండి.

రెండో ప్రమాదం చప్పుడు చెయ్యకుండా వస్తుంది. వైర్‌లెస్ మానిటరుకి సిగ్నలు పోతే చాలావాటిలో కీచుమని అరుస్తుంది. మనం కట్టుకున్న దానికి ఆ తెలివి లేదు. కరెంటు పోయినా, పిన్ను ఊడినా స్పీకరు ఊరుకుంటుంది. మీరు పిల్ల హాయిగా నిద్రపోతోందనుకుంటారు! దీనికి మందు ఏమిటంటే, స్పీకరు వాల్యూముని పూర్తిగా తగ్గించకుండా, పాప గదిలో ఫ్యాను హోరు సన్నగా వినపడేలా ఉంచుకోవడం. ఆ హోరు ఆగిందంటే లేచి చూడాలి. మన ఊళ్ళలో అయితే అడాప్టరునీ స్పీకరునీ ఇన్వర్టరు లైనులో పెట్టించండి.

చూడాలి కూడా అనుకునేవాళ్ళు నెట్‌వర్కు కేబులుతో నడిచే కెమెరా పెట్టుకోవచ్చు. "పీ ఓ ఈ" రకం అంటే ఒక్క కేబుల్లోనే కరెంటూ బొమ్మా రెండూ వెళతాయి, నూరు మీటర్ల దాకా పనిచేస్తుంది. దాన్ని రికార్డరు పెట్టెకి, అక్కడినుంచి టీవీకి వైరుతోనే కలపాలి. ఇంటర్నెట్టు అక్కర్లేదు. కేబులు పెట్టినంతమాత్రాన కెమెరాలో ఉన్న వైఫై ఆగిపోదు, సెట్టింగుల్లోకి వెళ్ళి విడిగా ఆపాలి, లేదా అసలు వైఫై లేనిదే కొనాలి. బొమ్మని ఫోనులో చూద్దామనుకుంటే మాత్రం వైఫై మళ్ళీ ఇంట్లోకి వచ్చినట్టే. ఈసారి మీ చేతిలో ఉంటుంది, పిల్ల దగ్గర కాదు. అది ఫరవాలేదనుకుంటే అలాగే కానివ్వండి.

న్యూజెర్సీ పాఠకురాలికి విడిగా ఒక మాట. ఈ మైకూ స్పీకరూ పగటిపూట మీరు కింద పనిలో ఉన్నప్పుడు వాడుకోవడానికి. రాత్రిళ్ళు మాత్రం కనీసం ఆర్నెల్లదాకా పాప తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ళ పక్క మీద కాకుండా తన సొంత తొట్టిలో పడుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళే చెబుతున్నారు. తొట్టిని వాళ్ళ మంచం పక్కకి జరిపించండి. మేడ మీదికి ఎవరు ఎక్కాలన్న తగువు రాత్రిపూట వరకూ తీరిపోతుంది. పాప ఒళ్ళు వెచ్చబడినా, పాలు తాగకపోయినా, ఏడుపు రోజూలా లేదనిపించినా మైకుని నమ్ముకుని కింద కూర్చోకండి. ఎత్తుకుని చూడాలి, డాక్టరుకి ఫోను చెయ్యాలి.

పెట్టెలో ఉన్న మానిటరుని వాపసు ఇచ్చేటప్పుడు కొన్న రసీదు కావాలి, గడువు తేదీ చూసుకోమని అల్లుడుగారికి చెప్పండి. మైకు గోడకి బిగించే పని కూడా ఆయనకే అప్పగించండి. దూరం టేపు పెట్టి కొలిచే పని అమ్మాయిది.