విద్యార్థి ఖాతాదారు కాదు, కానీ...

మా వీధి చివర అంగడాయనకు మా ఇంట్లో ఏ నెల ఏ సరుకు ఎంత పడుతుందో తెలుసు. పోయినసారి పప్పు బాగాలేదని అమ్మ అన్నమాట కూడా ఆయనకు గుర్తే. పెద్ద కంపెనీల్లో లక్షలమందిని ఇలా గుర్తుపెట్టుకునే పని కంప్యూటర్ చేస్తుంది. దాని పేరే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్, పొట్టిగా సి.ఆర్.ఎం. మనిషికొక పేజీ, ఫోను చేసినా, ఉత్తరం రాసినా, కౌంటరుకు వచ్చినా అంతా అందులోనే పడుతుంది. అడిగిన ప్రతిదానికీ ఒక నంబరు, జవాబు చెప్పవలసిన ఒక మనిషి, ఒక గడువు ఉంటాయి.

ఇప్పుడిది విశ్వవిద్యాలయాలకూ వచ్చింది. "విద్యార్థి ఖాతాదారా? చదువు సరుకా?" అని మన లెక్చరర్లు కొందరు కోప్పడతారు. న్యాయమైన కోపమే. తప్పు రాస్తే తప్పని చెప్పడం గురువు ధర్మం. అంగడాయనకు ఆ బాధ్యత లేదు. అయినా పేరు మీది కోపంతో పనిని కాదనుకోవద్దని నా మనవి.

నా అనుభవమే చెబుతాను. మార్కుల జాబితాలో నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. పేరెందుకు గానీ, ఒక కార్యాలయానికి సూళ్లూరుపేట నుంచి తెల్లారి బండెక్కి మూడుసార్లు పోయినాను. మొదటిసారి అర్జీ తీసుకున్నారు. రెండోసారి "ఆ సారు సెలవులో ఉండాడు, సోమవారం రాబ్బయ్యా" అన్నారు. మూడోసారి అసలు అర్జీయే లేదన్నారు. నాన్న కూలి డబ్బులు చార్జీలకు పోయాయి. ఈలోపు ఒక ఉద్యోగ దరఖాస్తు గడువూ దాటిపోయింది. మా ఊరి మేడలెక్కితే శ్రీహరికోట రాకెట్ కనిపిస్తుంది. 2023 జూలై 14న అక్కణ్ణుంచి లేచిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగేదాకా ఎక్కడుందో మనవాళ్లు చెప్పగలిగారు. నా అర్జీ ఏ బల్ల మీదుందో చెప్పే నాథుడు లేడు!

కంప్యూటర్ మనకు కొత్త కాదు. తెలంగాణలో 2016లో 'దోస్త్' వచ్చింది. మన రాష్ట్రంలో 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకీ వచ్చాయి. అయితే చేర్చుకునేటప్పుడున్న శ్రద్ధ చేరిన తర్వాత ఏది? ఇంటర్ ఫలితాలు రాగానే ప్రైవేటు విద్యాసంస్థల నుంచి ఫోన్లే ఫోన్లు. వాళ్ల భాషలో మనం 'లీడ్'లం. ఫీజు కట్టాక ఆ ఫోను మూగపోతుంది.

కాబట్టి పెద్దలకు నా విన్నపం. సి.ఆర్.ఎం. పెడితే ప్రవేశాల దగ్గర కాదు, అర్జీల కౌంటరు దగ్గర మొదలుపెట్టండి. స్కాలర్‌షిప్పయినా, రీవాల్యుయేషనైనా, సర్టిఫికెట్టయినా నంబరివ్వండి, గడువు చెప్పండి. గడువు దాటితే పై అధికారికి దానంతటదే తెలియాలి. మా ఫోను నంబర్లు బయటివాళ్ల చేతికి పోకూడదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది ఇందుకే కదా! స్మార్ట్‌ఫోను లేనివాడి కోసం కౌంటరులో మనిషి ఉండి తీరాలి.

సోదర విద్యార్థులారా, ఈ ఏడాది మన యూనియన్ కోర్కెల్లో ఇది మొదటిది కావాలి. మమ్మల్ని ఖాతాదారులని పిలవనక్కరలేదు. మా అమ్మ మాటకు అంగడాయన ఇచ్చిన విలువ మా అర్జీకి ఇస్తే చాలు.