సీటు కాదు, సబ్జెక్టు అడగండి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకు హైదరాబాద్ పాతబస్తీలోని ఏ నెట్ సెంటర్‌కు వెళ్ళినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. మార్కుల మెమో, కుల ధృవీకరణ పత్రం, ఆదాయ ధృవీకరణ పత్రం చేతబట్టుకుని ఒక తండ్రి నిలబడి ఉంటాడు. పక్కన కూతురు. కంప్యూటర్ ముందు కూర్చున్న యువకుడు తల ఎత్తకుండానే అడుగుతాడు: "ఏ కాలేజీ పెట్టమంటారు భాయ్?" తండ్రి జవాబు సిద్ధంగానే ఉంటుంది: "ఇంటికి దగ్గర్లో ఏది ఉంటే అది పెట్టు బేటా." ఆ అమ్మాయి ఏం చదవాలనుకుంటున్నదో అక్కడ ఎవరూ అడగరు. పది నిమిషాల్లో పని పూర్తవుతుంది. మూడేళ్ళ చదువు, ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ళ జీవితం ఆ పది నిమిషాల్లో తేలిపోతాయి.

అలా తేలిపోయిన ఒక జీవితం నాకు తెలుసు. మా వీధిలోని ఒక అమ్మాయి ఇంటర్‌లో ఎం.పి.సి. చదివింది. గణితంలో చురుకైనది. లెక్కల టీచర్ కావాలన్నది ఆమె కోరిక. ఇంటికి దగ్గరగా ఉన్న కళాశాలలో గణితం గ్రూపు లేదు. ఉన్నది బి.కాం. కంప్యూటర్స్. "డిగ్రీ ఏదైతేనేం, డిగ్రీయే కదా" అన్నారు పెద్దలు. మూడేళ్ళ తర్వాత ఆమె బి.ఎడ్. కోసం బయలుదేరినప్పుడు తెలిసింది, డిగ్రీలో గణితం చదవనివారికి గణిత బోధనా పద్ధతి తీసుకునే అర్హత లేదని. ఎం.ఎస్సీ. గణితం తలుపూ అంతే గట్టిగా మూసుకుంది. ఆమెకు సీటు దొరికింది, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది, పట్టా చేతికందింది. ప్రభుత్వ లెక్కల్లో ఆమె ఉన్నత విద్య పొందిన ముస్లిం మహిళ. ఆమె కోరుకున్న చదువు మాత్రం ఆమెకు అందలేదు.

హక్కుల గురించి నెలనెలా రాసే, చదివే మనం ఈ ప్రశ్న ఎందుకు వేసుకోము? మన పోరాటమంతా సీటు దగ్గర ఆగిపోతున్నది. సీటు దేనికోసమో ఆ సబ్జెక్టు ఊసు మన సభల్లో గాని, వినతిపత్రాల్లో గాని కనిపించదు. ముందు సబ్జెక్టు, తర్వాత కళాశాల అన్న సహజమైన వరుసను మనం తలకిందులు చేశాము. అలా చేసినందుకు మూల్యం చెల్లిస్తున్నది మన పిల్లలు.

మన పరిస్థితి ఏమిటో ఒకసారి అంకెల్లో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ఉన్న విద్యార్థుల్లో మన వాటా 4.6 శాతం. అంతకుముందు ఏడాది దాదాపు 21 లక్షలు ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య ఆ ఏడాది 19.21 లక్షలకు పడిపోయింది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక మరొక విషయం చెప్పింది. దేశంలోని పేరుపొందిన కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు ముస్లిం కాగా, పీజీలో 50 మందికి ఒకరే. అంటే డిగ్రీకీ పీజీకీ నడుమ మన వాటా సగానికి పడిపోతున్నది. దీనికి పేదరికం కారణం, వివక్ష కారణం, త్వరగా సంపాదనలో పడవలసిన అవసరం కారణం. వీటిలో దేనినీ నేను తోసిపుచ్చడం లేదు. కానీ పై చదువుకు దారి లేని సబ్జెక్టును మొదటిరోజే నెత్తికెత్తుకోవడం కూడా ఒక కారణమే. దాన్ని సరిదిద్దుకోవడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. అందులో విద్యార్థి ఇచ్చే ప్రతి ఆప్షన్ ఒక జంట: ఒక కళాశాల, అందులో ఒక కోర్సు. మార్కులను, రిజర్వేషన్‌ను బట్టి ఆ వరుసలో పైన ఉన్న ఏ ఆప్షన్‌కు అర్హత ఉంటే ఆ సీటే కేటాయిస్తారు. కాబట్టి ఆ జాబితాను రెండు రకాలుగా నింపవచ్చు. ఒకే కళాశాలలోని ఐదు కోర్సులను వరుసగా రాయవచ్చు. లేదా ఒకే కోర్సును ఐదు కళాశాలల్లో వరుసగా రాయవచ్చు. మొదటి పద్ధతిలో కళాశాల స్థిరం, చదువు అదృష్టం. రెండవ పద్ధతిలో చదువు స్థిరం, దూరం మాత్రమే మారుతుంది. నేను చూసినంతలో మన ఇళ్ళలో జాబితాలు ఎక్కువగా మొదటి పద్ధతిలోనే నిండుతున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ అనే విధానం వచ్చింది. మునుపు మూడు సబ్జెక్టుల గ్రూపులో ఒకటి కాకపోతే మరొకటి ఆదుకునేది. ఆ విధానంలో మేజర్ తప్పు పడితే ఆదుకునే రెండవ కాలు లేదు. కర్నూలులోనైనా, గుంటూరులోనైనా, కడపలోనైనా ఫలానా కళాశాలలో చేరడం కన్నా ఫలానా మేజర్‌లో చేరడం అన్నదే ఇక అసలు నిర్ణయం.

సబ్జెక్టు తేలితే కళాశాలను ఎంచుకునే కొలత దానంతట అదే తేలుతుంది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు చదవదలచినవారు ప్రయోగశాల తలుపు తెరిపించి చూడాలి. వారానికి ఎన్ని గంటలు అక్కడ పని జరుగుతుందో రెండో ఏడాది విద్యార్థులను అడగాలి. గణితమైతే ప్రయోగశాల కన్నా అధ్యాపకుడు ముఖ్యం, శాశ్వత అధ్యాపకుడా, గంటల లెక్కన వచ్చి పోయేవాడా అన్నది ముఖ్యం. ఆ సబ్జెక్టులో పీజీ కూడా నడుపుతున్న కళాశాలలో గ్రంథాలయం, అధ్యాపక బృందం సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. అర్థశాస్త్రం వైపు వెళ్ళేవారు గణితాన్ని వదలకూడదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆనర్స్ ఎకనామిక్స్‌కు ప్రవేశ పరీక్షలో గణితం రాయాలి. న్యాయవాది కావాలన్న పిల్లవాడు ఇంటర్ తర్వాతే ఐదేళ్ళ కోర్సుకు వెళ్ళవచ్చు. నల్సార్ మన హైదరాబాద్ శివార్లలోనే ఉంది. అక్కడికి చేర్చే క్లాట్ పరీక్ష పేరు మన బస్తీలో ఎందరు తల్లిదండ్రులు విన్నారు?

ఇంకా కొన్ని తలుపులు ఉన్నాయి. 2015లో మొదలైన తిరుపతి ఐసర్ మౌలిక శాస్త్రాల కోసమే పుట్టిన సంస్థ. భారతీయ గణాంక సంస్థలో గణాంక శాస్త్రం చదివే విద్యార్థికి ట్యూషన్ ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాతే చేరదగిన ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. ఇఫ్లూలో అరబ్బీతో సహా అనేక భాషల్లో డిగ్రీ చేయవచ్చు. వీటన్నిటికీ ప్రవేశ పరీక్షలున్నాయి. ఆ పరీక్షల దరఖాస్తులు చాలావరకు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తాయి. ఫలితాల తర్వాత నెట్ సెంటర్‌కు వెళ్ళేవారికి అవి అప్పటికే చేజారిపోయి ఉంటాయి.

ఇక మనం చెప్పుకునే సాకులకు వద్దాం.

మొదటిది, ఆడపిల్ల భద్రత. దూరం పంపలేము అంటారు. ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. హిజాబ్ ధరించిన విద్యార్థినులను 2022లో కర్ణాటకలో కళాశాల గేటు దగ్గర ఆపివేసిన దృశ్యాలు చూసిన ఏ తల్లికైనా భయం సహజం. అయితే భద్రతకు దారి దగ్గరి కళాశాల ఒక్కటేనా? నలుగురు అమ్మాయిలు కలిసి ఒకే సబ్జెక్టు కోసం ఒకే కళాశాలకు వెళితే ఆ దారే భద్రమవుతుంది. తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ కోఠిలోని మహిళా కళాశాల ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. పెళ్ళిసంబంధం కోసం నాలుగు జిల్లాలు దాటే మనం చదువు కోసం నాలుగు బస్‌స్టాపులు దాటలేమా?

రెండవది, "మనవాళ్ళ కళాశాల" అన్న మమకారం. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. అది మన ప్రాణప్రదమైన హక్కు. దాని మీద ఎవరు చేయి వేసినా ఎదిరించవలసిందే. కానీ 1958లోనే, కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో, సుప్రీంకోర్టు ఒక హెచ్చరిక చేసింది: నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదని. ఆ వాక్యాన్ని మన యాజమాన్యాలు కొన్ని మరచిపోయాయి. మైనారిటీ బోర్డు తగిలించి, రెండు గదుల్లో నలభై కంప్యూటర్లు పెట్టి, రీయింబర్స్‌మెంటు సొమ్ము తెచ్చే కోర్సులు మాత్రమే నడిపే సంస్థ ఈ సమాజానికి ఏ సేవ చేస్తున్నట్టు? చరిత్ర లేదు, గణితం లేదు, భౌతికశాస్త్రం లేదు. అడిగితే "పిల్లలు చేరడం లేదు" అంటారు. అధ్యాపకుణ్ణి నియమించని సబ్జెక్టులో పిల్లలు ఎలా చేరతారు? నిజాయితీగా నడుస్తున్న మైనారిటీ సంస్థలూ ఉన్నాయి. వాటికి ఈ మాటలు తగలవు. తగిలినవారు ఆలోచించుకోవాలి.

మన పూర్వులు ఈ పని ఎలా చేశారో గుర్తు చేసుకుందాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దానికి ముందే, 1917లో, అనువాద విభాగమైన దారుల్ తర్జుమా ఏర్పడింది. ఉర్దూలో బోధించాలంటే ముందు ఆయా శాస్త్రాల పుస్తకాలు ఉర్దూలో ఉండాలని వారు గ్రహించారు. ఈనాడు మనం గర్వంగా చూపించే ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైనది 1939లో. పుస్తకం ముందు, రెండు దశాబ్దాల తర్వాత భవనం. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి విరుద్ధం.

మూడవ సాకు, "ఏది చదివినా ఉద్యోగం కోసమే కదా" అన్నది. ఉద్యోగం కోసమే అనుకుందాం. ఉపాధ్యాయ నియామకాల్లో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో చదివిన సబ్జెక్టే అర్హత. ఉర్దూ మాధ్యమ పోస్టులు నోటిఫికేషన్ తర్వాత నోటిఫికేషన్‌లో ఖాళీగా మిగులుతున్నాయి. రోస్టర్ ప్రకారం అభ్యర్థులు దొరకని వర్గాలకు కేటాయించిన పోస్టులను మార్చకపోవడం అందులో ప్రభుత్వ దోషం. ఆ దోషాన్ని నిలదీయాలి. అది రేపే సరిదిద్దినా, ఉర్దూలో గణితం, భౌతికశాస్త్రం బోధించగల పట్టభద్రులు మన దగ్గర ఎందరున్నారు? పోస్టు కోసం పోరాడుతూ, ఆ పోస్టుకు అర్హత ఇచ్చే సబ్జెక్టును పిల్లలకు దూరం చేయడం ఏమి తెలివి?

ప్రభుత్వాన్ని వదిలిపెట్టమని ఇందులో ఎక్కడా అర్థం లేదు. 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషన్ 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదనే నిలబడి ఉంది. ఫీజు బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుపోతే కళాశాలలు విద్యార్థుల సర్టిఫికెట్లు బిగపట్టుకుంటున్నాయి. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. వీటితోపాటు మన డిమాండ్ల జాబితాలో మరొకటి చేరాలి: ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో మౌలిక శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు తప్పనిసరిగా ఉండాలి, వాటికి శాశ్వత అధ్యాపకులు ఉండాలి. ఎన్ని సీట్లు ఇచ్చారన్న ప్రశ్నతోపాటు ఏ సబ్జెక్టుల్లో ఇచ్చారన్న ప్రశ్నా వేయాలి.

మన చేతిలో ఉన్న పని మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ప్రతి మస్జిద్ కమిటీ డిసెంబరులోనే ఒక ఆదివారం ఇంటర్ విద్యార్థులను, తల్లిదండ్రులను పిలవాలి. మొహల్లాలో డిగ్రీ, పీజీ చేసినవారు వచ్చి తమ సబ్జెక్టు గురించి, తాము చేసిన పొరపాట్ల గురించి చెప్పాలి. ప్రవేశ పరీక్షల గడువులు నమాజు వేళల పట్టిక పక్కనే గోడ మీద అంటించాలి. దరఖాస్తు రుసుము కట్టలేని పిల్లలకు బైతుల్‌మాల్ నుంచి ఇవ్వాలి. దోస్త్ జాబితా నింపేది నెట్ సెంటర్ కుర్రవాడు కాకుండా, ఆ సబ్జెక్టు తెలిసిన ఒక పెద్ద మనిషి పక్కన కూర్చుని నింపించాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈసారి కంప్యూటర్ ముందు నిలబడినప్పుడు, "ఏ కాలేజీ?" అని అవతలివాడు అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. పక్కన నిలబడిన మీ బిడ్డ వైపు తిరిగి, "నీవేం చదవాలనుకుంటున్నావు బేటీ?" అని అడగండి. మా వీధిలోని ఆ అమ్మాయిని ఆ రోజు ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే, ఈపాటికి ఆమె ఏదో ఒక బడిలో నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెబుతూ ఉండేది.