ముహూర్తమునకు కత్తి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. ప్రైవేటు వైద్యశాలలలో 81.5. దేశమంతటి సగటు 21.5 మాత్రమే. మన స్త్రీలు ప్రసవశక్తిని గోల్పోయిరా? లేదు, వారి ధైర్యమును మనమే పోగొట్టితిమి. తొలిచూలాలికి ఇరుగుపొరుగువారు నొప్పుల భయమును నూరిపోయుదురు. జ్యోతిష్కుడు ముహూర్తము పెట్టును. వైద్యుడు గడియారము చూచి కత్తి పట్టును. ఆపదలో ఆ కత్తియే ప్రాణదాత; దానిని మేము నిందింపము. అక్కఱ లేనిచోట నదియే అధిక రక్తస్రావమునకు, మరుకాన్పున చిక్కులకు దారితీయవచ్చును. నొప్పులవేళ గర్భిణి కోరిన తోడు నొకరిని చెంత నుండనిండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పినది. ప్రతి ప్రసవశాలయందును ప్రభుత్వ మా తోడునకు చోటీయవలెను. తల్లులారా, అత్తలారా! పంచాంగమును కట్టిపెట్టి కూతురి చేతిని, కోడలి చేతిని పట్టుకొనుడు.