కొండ నేలకు డెల్టా లెక్కా?

నేను పుట్టింది రంపచోడవరం పైన కొండరెడ్ల ఊళ్ళో. పాఠాలు చెప్పేది మండపేటలో. ఇక్కడ స్టాఫ్ రూమ్‌లో ఏటా ఒక మాట వింటాను: "పోడు కొట్టి మీవాళ్ళే నేల పాడు చేసుకున్నారు మాష్టారూ. మా పంట చూడండి." నవ్వి ఊరుకునేవాణ్ణి. జూన్‌లో ఊరెళ్ళి, మా పిన్ని కొడుకు అప్పు చేసి మోసుకొచ్చిన డి.ఏ.పి. బస్తాలు చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

50 కిలోల బస్తాలో ఎరువుల లెక్కన భాస్వరం 46 శాతం, అంటే 23 కిలోలు. మా తమ్ముడు దాన్ని ఎర్ర నేల మీద వెదజల్లాడు. అది ఆమ్ల నేల. అందులోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. అది నేలలోనే ఉంటుంది, వేరుకు మాత్రం చిక్కదు. మొదటి పంటకు అందేది కొద్ది భాగమే. అప్పు మాత్రం మొత్తం బస్తాకి!

మండపేట చేలో కథ వేరు. నీళ్ళు నిలిచిన వరి మడిలో గాలి ఆడక ఇనుము రూపు మారుతుంది, పట్టుకున్న భాస్వరంలో కొంత వదిలేస్తుంది. ఆ నీళ్ళు పారడం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో మొదలైంది. పైగా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి, అందులో మన కొండల మట్టీ ఉంది. ఆనకట్టను, ఏటిని పక్కన పెట్టి, తెలివిలో తేడా అంటే ఎలా ఒప్పుకుంటాం?

ఇక పోడు. చెట్టు కాల్చిన బూడిద నేల పులుపు తగ్గించి, రెండు మూడేళ్ళు భాస్వరం అందిస్తుంది. తర్వాత ఆ చోటు వదిలేస్తే చెట్ల వేళ్ళు లోతు నుంచి సారం పైకి తెచ్చి ఆకుగా రాలుస్తాయి. మన పెద్దలు బీడు పెట్టింది బద్ధకంతో కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవిలో హద్దులు గీశారు. తిరిగే చోటు తగ్గింది, బీడు కాలం కుదిరిపోయింది. బీడు లేని పోడు నేలను తినేస్తుంది, నిజమే. నిట్టవాలులో మట్టి కొట్టుకుపోవడంలో మన తప్పూ ఉంది. కానీ బీడును మింగింది మనమా?

మా అమ్మ పసుపు మళ్ళ మీద ఆకు కప్పేది. ఆకు కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుము దగ్గర భాస్వరం కూర్చునే చోటును ఆక్రమిస్తాయి. నేల తడిగా ఉంటే భాస్వరం వేరు దాకా నడుస్తుంది. అయితే టీచర్లు పిల్లలకు అబద్ధం చెప్పకూడదు: ఆకు భాస్వరాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని తిప్పుతుంది. సంతకు వెళ్ళిన ప్రతి గింజతో కొంత పోతుంది. అందుకే డి.ఏ.పి. మానెయ్యమనను. వెదజల్లడం మానేసి, మొక్క మొదట్లో కొద్దిగా, పేడ ఎరువుతో కలిపి వెయ్యమంటాను. మట్టి పరీక్షకు వెళ్తే ఆమ్ల నేలకు సరిపోయే పద్ధతిలోనే చేశారా అని అడగండి. అడిగితే చిన్నతనం కాదు.

ఇదంతా చెబితే తమ్ముడు అన్నాడు: "ఆకు ఎక్కడ కొట్టమంటావు అన్నా? అడవిలో అడుగు పెడితే కేసంటారు."

2006 అటవీ హక్కుల చట్టం కలప కాని అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని గ్రామసభలో మాట్లాడాలి. ఈలోగా పట్టా భూమి గట్ల మీద గ్లైరిసిడియా కొమ్మలు పాతమన్నాను, అడుగున జీలుగు చల్లమన్నాను. కల్లు జీలుగు కాదురా, పచ్చిరొట్ట జీలుగు అంటే పకపకా నవ్వాడు. ఇరవై కొమ్మలు ఆ సాయంత్రమే పాతాం.