పరదేశమున మనవారికి దిక్కెవ్వరు?

హిందూపురము, ధర్మవరము పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు పౌరులకు కొరియా దేశీయులు క్రొత్తవారు కారు. పెనుకొండ చెంత ఎర్రమంచికడ కియా సంస్థవారి మోటారుకార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి నారంభించినది మొదలు కొరియా యింజనీరులు మన నడుమనే కాపురమున్నారు. వారి రుచులకు తగిన భోజనశాలలును వెలసినవి. మూలధనము వెంట వచ్చిన పరదేశికి మన ప్రభుత్వములు చూపు మర్యాదను మేమాక్షేపింపము. అతిథిని గౌరవించుట మన ధర్మమే. అయితే ఆ కొరియావారి ప్రభుత్వము తనవారికొఱకు ఏమిచేయుచున్నదో, మన ప్రభుత్వము మనవారికొఱకు ఏమిచేయుచున్నదో ఒక్కసారి ప్రక్కప్రక్కన నుంచి చూడవలదా?

2025 సెప్టెంబరు 4వ తేదీన అమెరికాలోని జార్జియా రాష్ట్రమున హ్యుండాయ్ వారి బ్యాటరీ కర్మాగారపు నిర్మాణస్థలముపై వలసశాఖాధికారులు దాడి సలిపి 475 మందిని నిర్బంధించిరి. కియాయును ఆ హ్యుండాయ్ కుటుంబములోనిదే. పట్టువడినవారిలో మూడువందలకు పైబడి కొరియన్లు. వారిని సంకెళ్ళతో నడిపించిన చిత్రములు చూచి ఆ దేశమంతయు భగ్గుమన్నది. విదేశాంగమంత్రి స్వయముగా వాషింగ్టను చేరెను. ప్రత్యేక విమానము పంపబడెను. తిరుగు ప్రయాణమున తమవారి చేతులకు సంకెళ్ళుండరాదని పట్టుబట్టి, ఒకనాడు ఆలస్యమైనను సరే, సాధించుకొనిరి.

అదే సంవత్సరము ఫిబ్రవరి 5న అమెరికా సైనికవిమానమొకటి 104 మంది భారతీయులను కాలు సేతులు బంధించి తెచ్చి అమృతసరమున దింపినది. మరునాడు రాజ్యసభలో విదేశాంగమంత్రి జయశంకరుగారు చెప్పినదేమి? బంధించి తెచ్చుట 2012 నుండియు ఆ దేశపు పద్ధతియేనట! స్త్రీలను, పిల్లలను బంధింపలేదట! ఇకమీదట దురుసుతనము జరుగకుండ అమెరికా ప్రభుత్వముతో సంప్రదించుచున్నామనియు సెలవిచ్చిరి. ఆ సంప్రదింపుల ఫలమెట్టిదో ఫిబ్రవరి 15న దిగిన రెండవ విమానములోని పురుషులే చెప్పిరి: వారును సంకెళ్ళతోనే వచ్చిరి. వారు దొంగదారిని పోయినవారు గదా యని కొందఱు పెద్దమనుష్యులు వాదింతురు. కొరియావారిపై మోపబడినదియు వీసా నియమోల్లంఘనమే. రెండును వలస నియమోల్లంఘన ఆరోపణలే. వెనుక నిలుచు ప్రభుత్వములలోనే భేదమున్నది.

అమెరికా దూరమందురా? కదిరి దూరము కాదు గదా. ఈ జిల్లాలోని కదిరి ప్రాంతమునుండి కువైటునకు "ఖద్దామా"లుగ, అనగా ఇంటి పనికత్తెలుగ, పోవు స్త్రీల సంగతి ఎఱుగనివారెవరు? పదవ తరగతి గట్టెక్కనివారి పాసుపోర్టుపై వలస అనుమతి కావలెనను ముద్ర యుండును. అట్టివారు పదునెనిమిది దేశములలో ఉద్యోగమునకు పోవలెనన్న ప్రభుత్వానుమతి పొందితీరవలెను. వారిలో ఇంటిపనికి పోగోరు స్త్రీ ముప్పదియేండ్లు నిండినదై యుండవలెను. 2016 నుండి ప్రైవేటు ఏజెంట్లు వారిని పంపరాదు, ప్రభుత్వసంస్థలే పంపవలెను. మన రాష్ట్రమున ఆ పని ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీకి అప్పగింపబడినది. కాగితముపై ఎంత చక్కని రక్షణ! కాని వానలు తప్పి, అప్పు పెరిగి, బిడ్డల బడిజీతములకు దారి లేక యిల్లు కదలు స్త్రీకి ఇరువదియైదేండ్లే యుండిన, ముప్పది నిండువరకు ఆకలి ఆగునా? దళారి వచ్చి, చూచిపోవువారి వీసా యొకటి చేతబెట్టి, బెంగుళూరునుండియో చెన్నపట్టణమునుండియో విమానమెక్కించును. రక్షణ యను పేర ప్రభుత్వము కట్టిన గోడయే వానికి వ్యాపారమైనది. అక్కడ యజమాని పాసుపోర్టు లాగికొని జీతమెగవేసినపుడు ఆమె పేరు ఏ ప్రభుత్వపు పట్టికలోను కానరాదు. అనుమతిలేక పోయినదానివి నీవేగదా యను మాట సిద్ధముగ నుండును. కువైటు ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినపుడు గాని అట్టివారిలో పెక్కురకు ఇల్లు చేరు దారి దొరకలేదు. ఆ భిక్షయు పరప్రభుత్వము పెట్టినదే.

చెన్నపట్టణపు రేవునుండి నేటాలునకు, మారిషసునకు, ఫిజీకి తెలుగు కూలీలను ఒడంబడిక వ్రాయించుకొని ఓడలెక్కించిన దళారుల కథ మన పెద్దలెఱిగినదే. జాతీయవాదులు పోరాడగా 1917లో ఆ ఎగుమతి ఆగినది. 1922లో వలస చట్టము వచ్చినది. 1983లో దానికి బదులు మఱియొకటి వచ్చినది. చట్టములు మారినవి గాని, ఆ దళారి మాత్రము ఏజెంటను పేరు పెట్టుకొని నిలిచియే యున్నాడు.

ఇక భయముచే మన గడప తొక్కువారి సంగతి. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగరమును వీడి వచ్చిన తిరుమలరాయల రాజకుటుంబమునకు చోటిచ్చినది మన పెనుకొండ కోటయే. స్వతంత్ర భారతము 1959లో టిబెటువారికి, 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన సుమారు కోటి మందికి ఆశ్రయమిచ్చినది. ఘనకార్యమే. కాని అది యంతయు దయ, హక్కు కాదు. 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము నేటికిని సంతకము చేయలేదు. తెల్లవారి యేలుబడిలో 1946లో పుట్టిన విదేశీయుల చట్టమును త్రోసి 2025 సెప్టెంబరులో అమలునకు వచ్చిన క్రొత్త చట్టములోను శరణార్థి యను వర్గము లేదు. టిబెటువారికి, లంక తమిళులకు, మఱికొందఱికి ఉత్తర్వులతో మినహాయింపు లిచ్చిరి. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోవును. 2019 పౌరసత్వ సవరణమో, మూడు దేశములనుండి వచ్చిన ఆరు మతములవారికే తలుపు తెఱచినది. ప్రాణభయమునకు మతమేమి? తన యింట శరణార్థికి చట్టము చేయని ప్రభుత్వమునకు పరుల యింట తనవారికి న్యాయమడుగు నోరెక్కడిది?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, కదిరి నాలుగును హిందూపురము లోకసభ నియోజకవర్గములోనివే. కావున మన పార్లమెంటు సభ్యుడు రాబోవు సమావేశమున లేచి అడుగవలెను: ఈ నియోజకవర్గమునుండి అనుమతితో పోయిన స్త్రీలెందఱు, అనుమతిలేక పోయినవారెందఱు? ముప్పదియేండ్ల నియమమును తీసివేసి, పోగోరు ప్రతి స్త్రీ పేరును కదిరిలోనే, ధర్మవరములోనే నమోదు చేయు కార్యాలయమెన్నడు తెఱతురు? శరణార్థుల చట్టమును ప్రభుత్వము నేటికిని సభకు తేకుండుటకు హేతువేమి? ఈ ప్రశ్నలను వ్రాసి, చేవ్రాళ్ళు సేకరించి ఆయనకు పంపు పని పఠనమందిరముల కార్యదర్శులు ఈ వారమే చేపట్టవచ్చును.