గోడమీది డబ్బాకు గడువేదీ?

శుక్రవారం వస్తే రాయచోటిలో చాలా ఇళ్లు వీడియో కాల్స్‌తో కళకళలాడతాయి. కువైట్‌లో పనిచేసే మావాళ్లకు ఆ రోజు సెలవు కదా. మా పక్కింటి అవ్వయితే టీవీ పైన గోడకు కొట్టిన తెల్లడబ్బా కిందే కుర్చీ వేసుకుని కొడుకు ఫోన్ కోసం చూస్తుంటుంది. మొన్న నన్ను కేకేసింది: “ఎర్రలైటు ఎలగతాంది, ఒగసారి చూడు నాయనా!”

దుమ్ము దులిపి రూటర్ వెనక్కి తిప్పితే చీటీ కనబడింది. యూజర్ నేమ్ అడ్మిన్. పాస్‌వర్డూ అడ్మినే. బిగించిన కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, “అందరికీ అదే పెట్టినాం సార్, ఏం కాదు” అన్నాడు.

ఎందుకు కాదు? 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు దాదాపు 60 వేలు మాల్వేర్ బారిన పడ్డాయి. అన్నీ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చనివే. అప్పుడు కనీసం నెట్ ఆగిపోయింది కాబట్టి జనానికి తెలిసింది. తెలియకుండా జరిగేదే నాకు భయం. అమెరికాలో వందల కొద్దీ రూటర్లలో చైనా హ్యాకర్లు తిష్ట వేశారని, 2023 డిసెంబరులో ఎఫ్‌బీఐ కోర్టు అనుమతితో వాటిని శుభ్రం చేసింది. ఎక్కువ భాగం కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన పాత సిస్కో, నెట్‌గేర్ డబ్బాలే. ఇలాంటి హ్యాకర్లకు అవ్వ బీరువాతో పనిలేదు. ఆమె అరుగు చాలు, అక్కడ నిలబడి ఇంకెవరి ఇంటిమీదో రాళ్లేస్తారు. ఆరా తీస్తూ వచ్చినవాళ్లకు దొరికేది అవ్వ అడ్రసే.

అవ్వకు తెలియదు సరే, బ్యాంకుల సంగతేమిటి? 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకులో 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. దొంగలు దూరింది ఉద్యోగులు తెరిచిన ఈమెయిల్ దారిన. అయితే పోలీసులు లోపలికెళ్లి చూస్తే ఫైర్‌వాల్‌కు చెల్లుబాటయ్యే లైసెన్సే లేదు! తర్వాత రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. కాపలాదారుడికి జీతం ఆపేసి, వాడి కుర్చీ మాత్రం గేటు దగ్గరే ఉంచినట్టుంది ఈ వ్యవహారం.

అవ్వ వంటింట్లో గ్యాస్ సిలిండర్ ఉంది. దాని మెడ పట్టీ మీద సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరులోగా పరీక్షకు పంపాలని లెక్క. రూటర్‌కూ అలాంటి ముద్ర ఎందుకుండకూడదు? ‘ఫలానా ఏడాది దాకా దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి’ అని తెలుగులో, పెద్దక్షరాల్లో. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్నిటికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డు పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. ఎన్నాళ్లు అప్‌డేట్లిస్తారో కంపెనీ ముందే చెప్పి తీరాలి. ఇక్కడ ఆ బాధ్యత అవ్వ నెత్తిన పడితే నేనొప్పుకోను. డబ్బా ఇచ్చినవాడే చూసుకోవాలి.

ఆ సాయంత్రం పాస్‌వర్డు మార్చాను. బయటినుంచి డబ్బాలోకి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ తెరిచే ఉంటే మూసేశాను. అప్‌డేట్ కోసం వెతికితే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేరే లేదు. మళ్లీ కేబుల్ అబ్బాయికే ఫోన్ చేశాను.

“డబ్బా పాడైతే మారుస్తాం సార్. లైట్లు ఎలుగుతాండాయి కదా?”